తప్పుబండ మీద చోటు

కోదండపాణి ప్రశ్న అడిగాడు. ఎవరూ నోరు విప్పలేదు.

ఇంకోసారి అడిగాడు. కొందరు నేల చూశారు. ఒకతను తన గోళ్ళు చూసుకున్నాడు. వెనక వరసలో ఎవరికో దగ్గు వచ్చింది గానీ, అది కూడా తప్పవుతుందేమోనని సగంలోనే మింగేశాడు.

అడిగింది కొరుకుడుపడని శాస్త్రమేమీ కాదు. "వానాకాలం గాలికి మన దీపం ఆరిపోకుండా ఏం చెయ్యాలి?" అంతే.

ఆ దీపం సంగతి ముందు చెప్పుకోవాలి.

సముద్రానికి ఎదురుగా ఒక మిట్ట మీద పెంచలస్వామి ఆశ్రమం ఉండేది. అక్కడ వైద్యం నేర్పేవారు. మిట్ట కొసన ఒక రాతి గద్దె, దాని మీద పెద్ద నూనె దీపం. ఎవరు ఎప్పుడు మొదలుపెట్టారో గానీ, పొద్దు వాలగానే ఆ దీపం వెలిగించడం ఆశ్రమం ఆచారం. కింద ఏరు వచ్చి సముద్రంలో కలుస్తుంది. ఆ కలిసేచోటుని మొగ అంటారు. మొగకి అటూ ఇటూ నీళ్ళ కింద ఇసుక తిన్నెలు దాగి ఉంటాయి. వేటకు పోయిన పడవలు మునిమాపు వేళ తిరిగొస్తూ ఆ దీపానికి సూటిగా ముక్కు పెట్టుకుంటే మొగలోకి వస్తాయి. దీపం కనపడకపోతే తిన్నె మీదికి పోతాయి.

మిగతా కాలమంతా ఇబ్బంది లేదు. కార్తీకంలో తూర్పుగాలి లేచిందంటే మాత్రం దీపం నిలిచేది కాదు. కాగడా పెడితే గాలి ఆర్పేది. మంట వేస్తే వాన ఆర్పేది. పోయిన ఏడు అట్లా ఆరిపోయిన ఒక సాయంత్రం పోలయ్య తమ్ముడి పడవ తిన్నెకి కొట్టుకుంది. పలకలు ఒడ్డుకి వచ్చాయి. తమ్ముడు రాలేదు.

పోలయ్య కింది పాలెంలో జాలర్లకు పెద్ద. ఆ పొద్దున మిట్ట ఎక్కి వచ్చాడు. లోపలికి రమ్మన్నా రాలేదు. గడప అవతలే నిలబడి కోదండపాణితో అన్నాడు.

"మీరు చదువుకున్నోళ్ళు సామీ. నాడి పట్టుకుని లోపల ఏముండాదో చెప్తారు. ఆ దీపాన్ని నిలబెట్టే ఉపాయం మీ చదువులో యాడన్నా ఉందేమో చూడండి. కార్తీకం వచ్చేస్తా ఉంది. వేటకి పోకపోతే మా పొయ్యి వెలగదు. పోతే మీ దీపం వెలగదు. మేమేం చెయ్యాల?"

"చూస్తాం పోలయ్యా. ఈ ఏడు ఆరనివ్వం," అన్నాడు కోదండపాణి.

అని మాట అయితే ఇచ్చాడు. ఆ మాట పట్టుకునే శిష్యులందర్నీ కూర్చోబెట్టి అడిగాడు. అడిగితే ఇదీ సంగతి.

అతను లేచి గురువుగారి దగ్గరికి వెళ్ళాడు.

పెంచలస్వామి వసారాలో కూర్చుని కరక్కాయలు పగలగొడుతున్నారు. వయసు మీదపడింది. పాఠం చెప్పే పని కోదండపాణికి అప్పగించేసి, గింజలు తీయడం, ఆకులు ఆరబెట్టడం లాంటి పిల్లపనులన్నీ ఆయన తీసుకున్నారు. ఆ పనులంటే ఆయనకు ఎందుకో మహా సంబరం.

"స్వామీ, వీళ్ళకి చదువు వచ్చింది గానీ బుద్ధి కదలడం లేదు."

"ఏమైంది నాయనా?"

"ఏ శ్లోకం అడగండి, తడుముకోకుండా చెప్తారు. ఏ మందు ఏ అనుపానంతో ఇవ్వాలో నిద్రలో లేపి అడిగినా చెప్తారు. పుస్తకంలో లేనిది ఒక్కటి అడిగితే బెల్లం కొట్టిన రాళ్ళలాగా కూర్చుంటారు. ఇంతమందికి ఇంత నేర్పాను. ఒక్కడికీ ఒక్క కొత్త ఊహ పుట్టదేం స్వామీ?"

స్వామి ఒక కరక్కాయ పగలగొట్టి, గింజ తీసి పక్కన వేశారు.

"ఎవరూ ఎప్పుడూ ఏమీ అనలేదా?"

"పోయిన వానాకాలంలో మస్తానయ్య ఏదో అన్నాడు." కోదండపాణికి అది తలుచుకుంటేనే నవ్వు వచ్చింది. "దీపాన్ని కుండలో పెడితే ఎట్లా ఉంటుందీ అన్నాడు. కుండలో దీపం! ఎవరికీ పనికిరాని తెలివిని కదా లోకం కుండలో దీపం అంటుంది! సభంతా ఒకటే నవ్వు."

"నువ్వో?"

"నేనూ నవ్వాను. ఆ తరవాత నియమం ప్రకారం బండ మీద కూర్చోబెట్టాను."

వంటింటి గుమ్మం పక్కన ఒక నల్లటి బండ ఉంది. దాన్ని అందరూ తప్పుబండ అనేవాళ్ళు. చదువులో గానీ పనిలో గానీ తప్పు చేసినవాళ్ళు అందరి భోజనాలూ అయ్యేవరకూ దాని మీద కూర్చోవాలి. అందరికన్నా చివర్న తినాలి. ఈ నియమం పెట్టింది కోదండపాణే. ఊరికే పెట్టలేదు. ఒకప్పుడు ఒక శిష్యుడు మోతాదు తప్పు చెప్పిన కషాయం తాగి, ఒక పసిబిడ్డ చావు తప్పి బతికింది. ఆ బిడ్డను చేతుల్లో పట్టుకుని తెల్లవార్లూ కూర్చున్నది కోదండపాణి. ఆ భయం అతని ఒంట్లోంచి ఇంకా పోలేదు.

నియమం బాగా పనిచేసింది. రానురాను తప్పులు తగ్గిపోయాయి. ఇప్పుడు బండ మీద పిచ్చుకలు తప్ప ఎవరూ కూర్చోవడం లేదు. ఆ ఖాళీ బండను చూసినప్పుడల్లా అతని గుండె నిండేది.

"ఇంతకీ మస్తానయ్య ఆ కుండ సంగతి మళ్ళీ ఎత్తాడా?" అన్నారు స్వామి.

"లేదు స్వామీ. ఆ తరవాత అతను ఏ సంగతీ ఎత్తలేదు."

స్వామి ఇంకో కరక్కాయ తీసుకున్నారు. అటూ ఇటూ తిప్పి చూశారు.

"మధ్యాహ్నం ఏం కూర?"

కోదండపాణి ఒక్క క్షణం తెల్లబోయాడు. "సొరకాయ పులుసు స్వామీ."

"మంచిది," అన్నారు స్వామి.

భోజనాల గంట కొట్టారు. శిష్యులు వరసగా విస్తళ్ళ ముందు కూర్చున్నారు. స్వామి పీట ఖాళీగా ఉంది. పులుసు గిన్నెతో వంటింట్లోంచి బయటికి వచ్చిన రవణమ్మ గుమ్మం దగ్గరే ఆగిపోయింది. ఆమె కూడా ఆశ్రమంలో శిష్యురాలే. వయసులో అందరికన్నా పెద్దది, నోట్లో మాట దాచుకునే మనిషి కాదు.

స్వామి తప్పుబండ మీద కూర్చుని ఉన్నారు.

కోదండపాణి గబగబా వచ్చాడు.

"స్వామీ! ఇదేమిటి? అది తప్పు చేసినవాళ్ళు కూర్చునే చోటు."

"తెలుసు నాయనా."

"మీరేం తప్పు చేశారు?"

"ఇంకా చెయ్యలేదు. సాయంత్రం ఒకటి చేద్దామని ఉంది. అప్పటికి చోటు దొరుకుతుందో లేదోనని ముందే వచ్చి పట్టుకున్నా."

రవణమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"లేవండి స్వామీ. అన్నం చల్లారిపోతోంది."

"నేను చివర్న కదా తినాలి. మీరు కానివ్వండి."

గురువు ముద్ద ఎత్తకుండా శిష్యులు తినకూడదు. అది పూర్వం నుంచీ ఉన్న నియమం. బండ మీద ఉన్నవాళ్ళు అందరూ తిన్నాకనే తినాలి. అది కోదండపాణి నియమం. రెండు నియమాల మధ్యన సొరకాయ పులుసు చల్లారిపోయింది.

ఆఖరికి స్వామే గొంతు పెంచారు. "ముసలివాణ్ణర్రా, ఆకలవుతోంది. మీరు తొందరగా తింటే నాకు తొందరగా పెడతారు."

వాళ్ళు తిన్నారు. ఎట్లా తిన్నారో వాళ్ళకే తెలియాలి.

పొద్దు వాలేవేళ స్వామి వంటింట్లోంచి ఒక కుండ తెచ్చుకున్నారు. దీపం వెలిగించి కుండలో దించారు. మూత పెట్టారు. గద్దె చుట్టూ చేరి శిష్యులు చూస్తున్నారు. కుండలో దీపం. ఎవరూ నవ్వలేదు. స్వామి కాసేపు ఆగి మూత తీశారు. లోపల నుంచి ఒక పొగ పోగు లేచింది.

"ఆరిపోయింది!" అన్నారు స్వామి. ఏదో నిధి బయటపడినట్టు అన్నారు.

మర్నాడు మధ్యాహ్నం ఆయన మళ్ళీ బండ మీదికి వెళ్ళారు. ఈసారి కుండను కూడా పక్కన పెట్టుకున్నారు.

మస్తానయ్య అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు తిరిగాడు. అతను ఆరడుగుల మనిషి. గొంతు మాత్రం పిల్లికూన గొంతు. బండకు కొంచెం దూరంలో ఆగాడు.

"స్వామీ... మూత..." అన్నాడు. బండ కేసి చూశాడు. మాట ఆగిపోయింది.

స్వామి ఒక పక్కకి జరిగారు. కుండను ఒళ్ళో పెట్టుకున్నారు. పక్కన అరచేత్తో రెండుసార్లు తట్టారు.

"నిలబడి చెప్తే కదా భయం. కూర్చుని చెప్పు."

మస్తానయ్య కూర్చున్నాడు. ఇక కూర్చోవాల్సిన చోట ఎట్లాగూ కూర్చున్నాను కదా అనుకున్నాడో ఏమో, మాట వచ్చేసింది. "మూత పెడితే దీపానికి ఊపిరాడదు స్వామీ. మనిషికైనా అంతే కదా. కుండకి అడుగున చిల్లులు పెడితే?"

"పెడితే ఆరకుండా ఉంటుందా?"

"తెలియదు స్వామీ."

"నాకూ తెలియదు. కుండ పట్టు, ఉలి తెద్దాం."

చిల్లులు పెట్టారు. ఊపిరాడింది గానీ వెలుగు బయటికి రాలేదు. ఇంకా పెద్ద చిల్లు పెట్టారు. వెలుగు బయటికి వచ్చింది గానీ గాలి లోపలికి పోయింది. కుండ పగిలింది. ఇంకో కుండ తెచ్చారు. అది చాలదని పెద్ద బాన తెచ్చారు.

రవణమ్మకు ఇంక ఆగబుద్ధి కాలేదు. మందులు వడగట్టే పలచటి గుడ్డను నూనెలో తడిపి, బానకి కోసిన కిటికీ మీద కట్టింది. నూనెగుడ్డలోంచి వెలుగు బంగారంలాగా వచ్చింది. అందరూ "ఆహా" అనేలోపలే గుడ్డ భగ్గున అంటుకుని, ఆమె ముంగురులు కాస్త కమిలాయి.

మర్నాడు భోజనాల వేళ ఆమె బండ దగ్గరికి వచ్చి నడుము మీద చేతులు పెట్టుకుంది. "జరుగు మస్తానయ్యా, జరుగు. నీది చిల్లంత తప్పు. నాది జుట్టు కాలినంత తప్పు. నాకు పెద్ద చోటు కావాలి."

"అక్కా, నిన్న ఆ మంట పాలెం దాకా కనపడి ఉంటుంది. ఒక రకంగా నువ్వు గెలిచినట్టే," అన్నాడు మస్తానయ్య.

అతను పరాచికం ఆడగా అందరూ వినడం అదే మొదటిసారి.

అప్పట్నించి బండ దగ్గర సందడి మొదలైంది. గాలికి ఎదురుగా తడిక కట్టినవాడు ఒకడు వచ్చాడు. గాలి తడికతో పాటు దీపాన్ని కూడా ఎత్తుకుపోయింది. వత్తిని లావు చేసినవాడు ఒకడు వచ్చాడు. బానంతా మసి పట్టింది. బండ మీద చోటు చాలక కింద కూర్చున్నారు. వడ్డించేవాళ్ళు అన్నం అక్కడికే పట్టుకుపోయారు. ఎవరు ముందు తిన్నారో ఎవరు చివర్న తిన్నారో చూసేవాళ్ళు లేరు. తింటూనే "నీ చిల్లు కింద ఉండాల్సింది," "నీ వత్తి నా బానలో పెట్టి చూద్దాం" అని ఒకటే గోల.

లోపల పెద్ద సావడిలో కోదండపాణి ఒక్కడే విస్తరి ముందు కూర్చుని తినేవాడు. అతను ఏ తప్పూ చెయ్యలేదు. నేల శుభ్రంగా ఉండేది. నిశ్శబ్దంగా ఉండేది. తన నోట్లో అప్పడం విరిగిన చప్పుడు తనకే పెద్దగా వినపడేది.

ఒకరోజు ఉండబట్టలేక గురువుగారి దగ్గరికి వెళ్ళాడు.

"స్వామీ, మీ ముందు నోరెత్తడం తప్పే. కానీ వీళ్ళకి భయం పోతోంది. ఇది దీపమే కావచ్చు. రేపు మందు దగ్గర ఇట్లాగే చేస్తే? ఆ పసిబిడ్డను మీరూ చూశారు."

"చూశాను," అన్నారు స్వామి. ఈసారి ఆయన ముఖంలో నవ్వు లేదు. "మందులో తప్పు చేస్తే మనిషి పోతాడు. నువ్వు భయపడ్డది న్యాయమే నాయనా. దీపంలో తప్పు చేస్తే నూనె పోతుంది."

కోదండపాణి తల ఊపి వెళ్ళబోయాడు.

"ఏ తప్పూ చెయ్యకపోతే పడవ పోతుంది," అన్నారు స్వామి, వెనకనుంచి.

ఆ మధ్యాహ్నం కోదండపాణి మందుల కొట్లో అభ్రకం ఏరుతున్నాడు. ఆ నేలలో అది చాలా దొరుకుతుంది. పిల్లలు దాన్ని కాకి బంగారం అని ఆడుకుని పారేస్తారు. వైద్యులు దాన్ని మూకుళ్ళలో మూసి నిప్పుల్లో కాల్చి, అంటే పుటాలు పెట్టి, భస్మం చేస్తారు. దాన్ని పరీక్ష చేసే పద్ధతి అతను ఎన్నో ఏళ్ళుగా పాఠం చెప్తున్నాడు. నిప్పులో వేస్తే కప్పలాగా గెంతకూడదు. పాములాగా బుస కొట్టకూడదు. ఉన్నది ఉన్నట్టు ఉండాలి. అదీ మంచి అభ్రకం.

ఆ మాటే గొణుక్కుంటూ ఒక గడ్డను గోటితో చీల్చాడు. అరచేతంత రేకు పొరలాగా లేచి వచ్చింది. మట్టి ఉందేమోనని ఎత్తి పట్టుకున్నాడు.

రేకులోంచి కిటికీ కనపడింది. కిటికీ అవతల బండ కనపడింది. బండ మీద మస్తానయ్య చేతులు తిప్పుతూ ఏదో చెప్తున్నాడు. కొంచెం పసుపుగా, కొంచెం మసకగా ఉంది గానీ, అతని పళ్ళు కూడా కనపడుతున్నాయి.

కోదండపాణి చెయ్యి అట్లాగే నిలిచిపోయింది.

నిప్పుకి చలించదు. వెలుగుని ఆపదు. గాలిని ఆపుతుంది. మొదటిది ఇన్నేళ్ళుగా తను నోటితో చెప్తూ వచ్చిందే, మిగతావి రోజూ చేతిలో చూసినవే. ఎన్నడూ ఆ మూడు మాటల్నీ పక్కపక్కన పెట్టి చూడలేదు.

గబుక్కున లేచాడు. గుమ్మం దాకా వెళ్ళాడు. అక్కడ ఆగాడు.

ఒకవేళ నిలవకపోతే? దీపం వేడికి చిట్లిపోతే? కాకి బంగారం పట్టుకొచ్చాడు కోదండపాణి, పిల్లలాట ఆడుతున్నాడు అంటే? మస్తానయ్య కుండ మాట ఎత్తిన ఆ సభలో అందరికన్నా గట్టిగా నవ్విన నవ్వు ఎవరిదో అతనికి గుర్తుంది. తన నవ్వు తన చెవిలోనే మోగింది.

రేకును తీసుకెళ్ళి మిగతా అభ్రకం కింద పెట్టేశాడు. తరవాత చూద్దాం అనుకున్నాడు. ముందు శాస్త్రంలో ఎక్కడన్నా ఉందేమో చూసి, అప్పుడు చెప్దాం అనుకున్నాడు. అట్లా అనుకుంటూ ఉండగానే కార్తీకం వచ్చేసింది.

ఆ పొద్దున ఆకాశం కడిగిన పళ్ళెంలాగా ఉంది. పడవలన్నీ వేటకి పోయాయి. పోలయ్య కూడా పోయాడు. మధ్యాహ్నం తిరిగేసరికి తూర్పున మబ్బు నల్లగా లేచింది. గాలి ఇసుకని ఎత్తి కొట్టడం మొదలుపెట్టింది. ఆ గాలితో పాటే వాన. పాలెం ఆడవాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని ఒడ్డుకు వచ్చి నిలబడ్డారు. వాళ్ళు సముద్రం కేసి చూడటం లేదు. మిట్ట కేసి చూస్తున్నారు.

శిష్యులు బానను గద్దె మీదికి ఎక్కించారు. కిటికీ గాలికి ఎదురుగానే ఉండాలి. పడవలు వచ్చేది అటు నుంచే. దీపం వెలిగిస్తారు, ఆరుతుంది. మళ్ళీ వెలిగిస్తారు, మళ్ళీ ఆరుతుంది.

కోదండపాణి వానలో పరుగెత్తి మందుల కొట్లోకి పోయాడు. అడుగున పెట్టిన రేకును తీశాడు. ఇంకా కొన్ని చీల్చాడు. జాడీల మూతలు బిగించే మైనం చేతికి అందింది. ఒక రేకు అంచు మీద ఒక రేకు ఆనించి, మైనంతో అతికి, బాన కిటికీకి పెట్టి నొక్కాడు.

"అభ్రకం," అన్నాడు.

దీపం వెలిగింది. నిలిచింది. కింద ఆడవాళ్ళు ఏదో అరిచారు. సంతోషంతోనే అరిచి ఉంటారు. మస్తానయ్య "అన్నా!" అని అతని భుజం పట్టుకున్నాడు.

కాసేపటికి బాన వేడెక్కింది. మైనం కన్నీరు కారినట్టు కారింది. రేకులు జారి రాళ్ళ మీద పడ్డాయి. గాలి లోపలికి దూరి దీపాన్ని ఊదేసింది.

ఇంకెవరన్నా అయితే ఈపాటికి పది మాటలు లేచేవి. పాఠం చెప్పే పెద్దాయనకి ఏం చెప్తారు?

కోదండపాణి గద్దె దిగాడు. తడిసిన పంచె కాళ్ళకి చుట్టుకుంటుంటే నడిచి వెళ్ళాడు. వంటింటి గుమ్మం పక్కన, తాటాకు గొడుగు కింద, స్వామి బండ మీద కూర్చుని ఉన్నారు. ఆ గాలిలో ఆయన అక్కడ ఎందుకు కూర్చున్నారో ఎవరూ అడగలేదు.

కోదండపాణి బండ ముందు నిలబడ్డాడు. తనే పెట్టిన బండ. అది ఎంత చల్లగా ఉంటుందో, ఎంత గరుకుగా ఉంటుందో అతనికి తెలియదు. ఎప్పుడూ కూర్చోలేదు కదా.

స్వామి కొంచెం జరిగారు. గొడుగు అతని మీదికి వంచారు.

అతను కూర్చున్నాడు.

"ఏం తప్పు చేశావు నాయనా?"

"మైనం పెట్టాను స్వామీ. వేడికి కరుగుతుందన్న సంగతి చిన్నపిల్లాడికి కూడా తెలుసు. నాకు తోచలేదు. అంతకన్నా పెద్ద తప్పు ఇంకొకటి ఉంది. ఈ అభ్రకం సంగతి నాకు ముందే తట్టింది. నవ్వుతారని దాచాను."

వెనకే వచ్చిన శిష్యులు విన్నారు. వానలో నిలబడి ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకున్నారు.

"అన్నా!" ఆ గొంతు ఎవరిదో మొదట ఎవరికీ తెలియలేదు. గాలిని దాటి వినపడింది. మస్తానయ్య గొంతు. "అన్నా, పుటం పెట్టేటప్పుడు మూకుళ్ళకు మనం ఏం చుడతాం? గుడ్డకి బంకమన్ను పూసి కదా చుడతాం! నిప్పుల్లో వేసినా ఊడదు కదా అది!"

"మన్ను నానబెట్టే ఉంది. రేపటి పుటానికని నేనే నానబెట్టా," అంది రవణమ్మ. అని చెప్పి అక్కడ లేదు.

కోదండపాణి స్వామి కేసి చూశాడు.

"ఇక లే," అన్నారు స్వామి. "ఎంతసేపు కూర్చుంటావు?"

రేకులు ఏరుకొచ్చారు. అంచుల వెంట మన్నుగుడ్డ పట్టీలు వేసి, తడిచేత్తో నున్నగా రుద్దారు. చెయ్యి కాలుతోందని ఒకళ్ళు తీస్తే ఇంకొకళ్ళు పెట్టారు. చిల్లులు గాలి లేని వైపుకి తిప్పమన్నది ఒకరు, మసి పోవడానికి పైన సందు ఉంచమన్నది ఒకరు. ఆ చిల్లులూ ఆ సందూ అన్నీ అంతకుముందు తప్పులుగా బండ మీద కూర్చుని వచ్చినవే.

దీపం వెలిగించింది కోదండపాణి కాదు. అతను మస్తానయ్య చేతికి ఇచ్చాడు.

చుట్టూ గాలి హోరుమంటోంది. కొబ్బరి మట్టలు విరిగి పడుతున్నాయి. బాన లోపల మాత్రం దీపం గుడిలో ఉన్నట్టు నిలబడింది. మన్ను ఆరేకొద్దీ గట్టిపడింది. వెలుగు పసుపుపచ్చగా, వాన తెరలోంచి, నీళ్ళ మీదికి పోయింది.

చాలాసేపు సముద్రంలో ఏమీ కనపడలేదు. ఒడ్డున ఒక్క పిల్ల కూడా ఏడవలేదు. తరవాత ఒక తెరచాప తెల్లగా లేచి, మునిగి, మళ్ళీ లేచింది. ముక్కు సూటిగా పెట్టుకుని మొగలోకి వచ్చేసింది. దాని వెనక ఇంకొకటి. పాలెం పడవలన్నీ వచ్చేదాకా శిష్యులు గద్దె దగ్గర్నించి కదల్లేదు.

పోలయ్య తడిబట్టలతోనే మిట్ట ఎక్కి వచ్చాడు. గడప దగ్గర ఒక్క క్షణం ఆగాడు. ఈసారి దాటి లోపలికి వచ్చాడు.

"ఏంది సామీ అది? గాలి నన్నే ఎత్తి పడేస్తా ఉంటే, ఆ దీపం మటుకు కన్నార్పకుండా నన్నే చూస్తా ఉంది."

"కుండలో దీపం," అన్నాడు మస్తానయ్య.

పోలయ్య అతని కేసి ఎగాదిగా చూశాడు. పరాచికమేమో అనుకున్నాడు. ఎవరి ముఖంలోనూ పరాచికం కనపడలేదు. ఆయన కళ్ళు తుడుచుకున్నాడు, వాననీళ్ళే అన్నట్టు.

ఆ ఒడ్డున ఇప్పటికీ ఆ మాటకి అర్థం వేరేనట. పాలెంలో ఎవరన్నా "మా అల్లుడు కుండలో దీపం" అంటే, బయట ఊళ్ళవాళ్ళు పాపం అని జాలిపడతారు. అన్నవాళ్ళు మాత్రం మీసం మెలేస్తూ అంటారు.

తుఫాను వెలిశాక ఒక ఉదయం కోదండపాణి వసారాలోకి వచ్చాడు. స్వామి కరక్కాయల ముందు కూర్చుని ఉన్నారు. బయట బండ దగ్గర అప్పుడే గొడవ మొదలైంది. మసి పట్టకుండా నూనెలో ఏం కలపాలని రవణమ్మ ఒకటి అంటోంది, కాదని మస్తానయ్య ఒకటి అంటున్నాడు. ఇద్దరికీ తెలియదు. ఇద్దరూ గట్టిగానే అంటున్నారు.

కోదండపాణి కాసేపు నిలబడి విన్నాడు.

"స్వామీ, ఆ బండను అక్కణ్ణించి తీయించేస్తాను."

స్వామి కరక్కాయ పగలగొట్టారు. గింజ తీసి పక్కన వేశారు. బయటికి తొంగి చూశారు. బండ కనపడలేదు. దాని చుట్టూ మనుషులే కనపడ్డారు.

"అవును నాయనా, చిన్నదైపోయింది. ఇంకొంచెం పెద్దది దొరుకుతుందేమో చూడు."